జీన్ టెస్టు చేయించాలా? ఒక ఇంజనీరు లెక్క

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1986 పదో తరగతి బ్యాచ్. కరెంటు ఇంజనీరును. ముప్పై ఏళ్లుగా సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లే నా లోకం. సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, ఇరవై నిమిషాలు మాట్లాడాలె. కరెంటు గురించి మాత్రం వద్దు, అప్పటికే అందరికి ఆకలైతది" అన్నాడు. సరే, కరెంటు ఎక్కువ లేకుండా చూస్తాను.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి ఎవరైనా రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, ఇంకో ఆసుపత్రికో వస్తే తోడుగా వెళ్లడం కొన్నేళ్లుగా అలవాటైంది. లైన్లో నిలబడటానికి, కాగితాలు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. అలా తిరిగే క్రమంలో నాకు వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న పదేపదే వస్తోంది. "అన్నా, అమ్మకు క్యాన్సరని తేలింది. జీన్ టెస్టు చేయించమంటున్నరు. అరవై వేలంట. చేయించాల్నా?" ఇవాళ ఆ ప్రశ్న గురించే మాట్లాడతాను.

నేను డాక్టరును కాను. ఏ మందు వాడాలో చెప్పను, చెప్పకూడదు. కానీ ఆ ప్రశ్నలో సగం వైద్యం, సగం లెక్క. ఆ లెక్క సగం నాకు తెలిసిన పనే. మన లెక్కల సారు బోర్డు మీద లెక్క రాసి, "ముందు ఏం కనుక్కోవాల్నో రాయుర్రి, కూడికలు తర్వాత" అనేవారు. ఇక్కడ కూడా అంతే.

కరెంటు వద్దన్నారు గానీ ఒక్క ఉదాహరణకు అనుమతించండి. పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్ నిండా నూనె ఉంటుంది. లోపల ఎక్కడైనా వేడి పుట్టినా, నిప్పురవ్వలు లేచినా ఆ నూనె విరిగి కొన్ని వాయువులు పుడతాయి, ఆ నూనెలోనే కరిగి ఉంటాయి. ఒక చిన్న సీసాడు నూనె తీసి ల్యాబ్‌కు పంపితే ట్యాంకు విప్పకుండానే లోపలి రోగం చెబుతారు. ఎసిటిలీన్ ఎక్కువ కనబడిందంటే లోపల ఆర్కింగ్ జరుగుతోందని అర్థం. 132 కేవీ సబ్‌స్టేషన్‌లో కోట్లు పలికే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఈ పరీక్ష క్రమం తప్పకుండా చేస్తాం. అదే, పొలం దగ్గర నాలుగు మోటార్లకు కరెంటిచ్చే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎవరూ చేయరు. పరీక్షలో లోపమేమీ లేదు. ఫలితం ఏదొచ్చినా మేం చేసేది ఒకటే: కాలితే దింపి షెడ్డుకు పంపుతాం, ఇంకోటి ఎక్కిస్తాం. జవాబు వల్ల చేసే పని మారనప్పుడు ఆ జవాబు కోసం పెట్టిన పైసలు దండగ. మారేటప్పుడు మాత్రం ఎంత పెట్టినా చవకే.

మనిషి ట్రాన్స్‌ఫార్మర్ కాదని నాకు తెలుసు. అయినా ఈ ప్రశ్న ఇక్కడా పనికొస్తుంది.

ఇక ఈ జీన్ టెస్టు ఏమిటో రెండు మాటలు. మన ప్రతి కణంలో నాలుగే అక్షరాలతో రాసిన పెద్ద పుస్తకం ఉంటుంది. సుమారు 300 కోట్ల అక్షరాలు. అందులో దాదాపు 20 వేల జన్యువులు. క్యాన్సర్ కణంలో ఆ రాతలో కొన్ని తప్పులు పడతాయి. పెరగమని చెప్పే స్విచ్చు ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది, లేదా ఆపమని చెప్పే స్విచ్చు చెడిపోతుంది. ఆ తప్పు ఎక్కడుందో చదివి, ఆ స్విచ్చుకే సరిపడే మందు ఇవ్వడం వ్యక్తిని బట్టి వైద్యం అంటున్న దాని సారం. ఇందులో రెండు రకాల చదువులున్నాయి, మనవాళ్లు వీటిని కలిపేస్తుంటారు. గడ్డ ముక్కలోని తప్పులు చదవడం ఒకటి. అవి ఆ రోగి గడ్డకే పరిమితం, పిల్లలకు రావు. తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చిన తప్పును రక్తంలోనో ఉమ్మిలోనో చదవడం రెండోది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ పుస్తకాన్ని మొదటిసారి చదవడానికి 1990లో మొదలుపెట్టి 2003లో ముగించారు. పదమూడేళ్లు, సుమారు 300 కోట్ల డాలర్లు. లెక్కకు సులువు: అక్షరానికి ఒక డాలరు. ఇప్పుడు ఒక మనిషి పుస్తకం మొత్తం చదవడానికి వెయ్యి డాలర్ల లోపే చాలు, రోజుల్లో అయిపోతుంది. ఏ ఇంజనీరింగ్ శాఖలోనూ ఇంత వేగంగా ధర పడిపోయిన వస్తువును నేను చూడలేదు. కంప్యూటర్ చిప్పులు కూడా దీని ముందు వెనకబడ్డాయి. కాబట్టి చదవడం ఇవాళ పెద్ద ఖర్చు కాదు. చదివినదానికి అర్థం చెప్పడం, దానికి తగ్గ మందు దొరకడం, ఆ మందును నెలనెలా కొనడం, ఇవీ అసలు ఖర్చులు. లెక్క అక్కడ తేలాలి.

లెక్క చక్కగా కుదిరిన కథ ఒకటి మన హైదరాబాద్‌కే సంబంధించినది. సీఎంఎల్ అని ఒక రకం రక్త క్యాన్సర్. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఆ రోగుల కణాల్లో ఒక క్రోమోజోము మామూలుకన్నా పొట్టిగా ఉండటం గమనించారు. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి తారుమారయ్యాయని 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త తేల్చారు. అలా అతుక్కున్న చోట పుట్టిన తప్పు జన్యువే ఆ రోగానికి మూలం. దాన్ని మాత్రమే అణిచే మాత్ర ఇమాటినిబ్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు ఆ రోగం వస్తే కొన్నేళ్లలో మనిషి పోయేవాడు. ఈ మందుతో వైద్యం మొదలుపెట్టిన వాళ్లను పదేళ్లకు పైగా గమనిస్తే నూటికి 83 మంది బతికే ఉన్నారు.

కానీ ధర? గ్లివెక్ అనే పేరుతో నోవార్టిస్ అమ్మిన మందు నెలకు సుమారు 1,20,000 రూపాయలు. అదే మందును హైదరాబాద్‌లోని నాట్కో వంటి కంపెనీలు నెలకు 8 వేల నుంచి 10 వేలకు అందించాయి. పేటెంట్ వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంట్ దరఖాస్తును తోసిపుచ్చింది. పాత పదార్థానికి కొత్త రూపం ఇచ్చినంత మాత్రాన, గుణం పెరిగిందని చూపకుండా పేటెంట్ రాదని మన చట్టంలోని మూడు-డి నిబంధన చెబుతుంది. ఆ తీర్పు దాని మీదే నిలబడింది. ఇక్కడ జన్యు పరీక్ష అంటే ఆ ఒక్క అతుకు ఉందా లేదా అని చూడటమే. పరీక్ష కొన్ని వేలు, మాత్ర కొనగలిగే ధర, లాభం ఏళ్లకు ఏళ్లు. మందు లక్షా ఇరవై వేల దగ్గరే ఉండి ఉంటే అదే పరీక్ష మన ఊళ్లో ఎందరికి పనికొచ్చేది? పరీక్ష విలువను నిర్ణయించింది పరీక్ష కాదు, మందు ధర.

ఇప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, లెక్క బాగా తెలిసేది ఇక్కడే. ఈజీఎఫ్ఆర్ అని ఒక జన్యువు. దానిలో ఒక రకం తప్పు ఉంటే జెఫిటినిబ్ లాంటి మాత్ర బాగా పనిచేస్తుంది. 2009లో ఐపాస్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది, ఆసియా దేశాల్లో 1,217 మంది రోగులతో. జన్యువు చూడగలిగిన వాళ్లలో, తప్పు ఉన్నవాళ్లకు ఈ మాత్ర ఇస్తే నూటికి 71 మందికి గడ్డ తగ్గింది. తప్పు లేనివాళ్లకు ఇదే మాత్ర ఇస్తే నూటికి ఒక్కరికి తగ్గింది. ఆ రెండో గుంపుకు మామూలు కీమో ఇచ్చి ఉంటే నూటికి 23 మందికి తగ్గేది. ఒకే రోగం పేరు, ఒకే మాత్ర, 71కి 1కి తేడా. మన దేశంలో ఊపిరితిత్తుల అడినోకార్సినోమా వచ్చినవాళ్లలో సుమారు పాతిక శాతం మందికో, అంతకు కొంచెం ఎక్కువ మందికో ఈ తప్పు ఉంటుంది. పొగ తాగని ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

లెక్క కోసం గుండ్రటి అంకెలు అనుకుందాం, ఇవి ఎవరి బిల్లూ కాదు. పదిమంది రోగులు. పరీక్ష మనిషికి పది వేలు. ముగ్గురికి ఆ తప్పు ఉంది, ఏడుగురికి లేదు. మాత్ర నెలకు లక్ష అనుకోండి. పరీక్ష లేకుండా పదిమందికీ మాత్ర ఇచ్చి, రెండు నెలల తర్వాత స్కాన్‌లో పని చేయలేదని తెలిస్తే, ఆ ఏడుగురి పద్నాలుగు లక్షలు నీళ్లపాలు. పరీక్షలకు మొత్తం లక్షే. పదమూడు లక్షలు మిగులు. దీనికి పెద్ద ఇంజనీరు అక్కర్లేదు.

ఇప్పుడు మాత్ర జనరిక్ అయి నెలకు మూడు వేలకు దిగిందనుకోండి. పరీక్ష లేకుండా దండగయ్యేది ఏడుగురికి రెండు నెలలు, అంటే 42 వేలు. పరీక్షలకు లక్ష. కాగితం మీద పరీక్ష నష్టం! కొందరు నిజంగానే ఇలా లెక్క వేసి, "చవక మాత్రే కదా, వాడి చూద్దాం, పరీక్షెందుకు" అంటారు. కానీ ఈ లెక్కలో ఒక వరుస తప్పిపోయింది. ఆ ఏడుగురు పోగొట్టుకున్నది ఆరు వేలు మాత్రమే కాదు, రెండు నెలలు. ఆ రెండు నెలల్లో కీమోకు లొంగగలిగిన గడ్డ పెరిగిపోయింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో రెండు నెలలంటే చాలా కాలం. అందుకే వైద్య ఖర్చు లెక్కల్లో రూపాయలతో పాటు కాలాన్ని కూడా కొలుస్తారు.

మూడో పరిస్థితి. పరీక్షలో ఒక అరుదైన తప్పు దొరికింది, దానికి మందు ఉంది, కానీ నెలకు రెండు లక్షలు, ఎంతకాలం పనిచేస్తే అంతకాలం వాడాలి. ఆ ఇంటి భూమి మొత్తం అమ్మినా ఏడాది గడవదు. ఇక్కడ పరీక్ష సరైన జవాబే ఇచ్చింది. ఆ జవాబుతో ఇల్లు ఏం చేయాలి? ఇది ముందే మాట్లాడుకోవాల్సిన మాట. రిపోర్టు వచ్చాక మాట్లాడితే అప్పటికే మనసు మాట వినదు.

కోరుట్లలో నా బ్యాచ్ మిత్రుడి అమ్మ విషయంలో ఈ లెక్క అనుకూలంగా తేలింది. ఆమె ఎన్నడూ పొగ తాగలేదు. మస్కట్‌లో ఉన్న కొడుకు నాకు ఫోన్ చేసినప్పుడు ఒక్క మాటే చెప్పాను: "డాక్టరు సారును అడుగు, జన్యువు దొరికితే ఏ మాత్ర రాస్తరు, అది నెలకెంత అని." కొన్ని వేలతో పోయే మాత్ర అని ఆయన చెప్పారు. పరీక్ష చేయించారు, తప్పు దొరికింది. ఆ తల్లి మాత్ర వేసుకుంటూ రెండేళ్లకు పైగా ఇంటి దగ్గరే ఉంది, మనవరాలి పెళ్లిలో తలంబ్రాలు చల్లింది. రోగం నయం కాలేదు, ఆ సంగతి వాళ్లకు మొదటే తెలుసు. కానీ కోరుట్ల నుంచి హైదరాబాద్‌కు మూడు వారాలకోసారి కీమో కోసం తిరిగే బాధ ఆ రెండేళ్లూ తప్పింది. బస్సు చార్జీలు, తోడు వచ్చేవాళ్ల కూలి, లాడ్జి కిరాయి, ఇవేవీ ఆసుపత్రి బిల్లులో కనబడవు. మన లెక్కలో మాత్రం రాసుకోవాలి.

ప్రభుత్వాలు ఈ లెక్క ఎలా వేస్తాయో చూద్దాం. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ ఉంది. కొత్త వైద్యం వల్ల అదనంగా దొరికే ఒక ఏడాది ఆరోగ్యకరమైన జీవితానికి ఎన్ని పౌండ్లు అదనంగా పెట్టాలి అని లెక్క కట్టి, చాలాకాలం 20 వేల నుంచి 30 వేల పౌండ్ల లోపు ఉంటే సరే అంది. మన దేశంలో ఈ పనికే 2017లో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద ఒక వ్యవస్థ ఏర్పడింది. మన కొలబద్ద తలసరి జీడీపీ, అంటే రెండు లక్షల రూపాయల పైచిలుకు. ఏడాది ఆయువుకు అంతకు మించితే ప్రజల సొమ్ముకు అది భారమని అర్థం. ఇది వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ ప్రభుత్వం వెయ్యి మందిని చూస్తుంది, ఇల్లు ఒక్కరిని చూస్తుంది. రెండు లెక్కలూ నిజమే. ఇంటి లెక్కకు కొలబద్ద లేదు కాబట్టే అప్పుకూ హద్దు ఉండటం లేదు.

రొమ్ము క్యాన్సర్‌లో రెండు రకాల పరీక్షలు చూడండి, రెండూ రెండు దిక్కులు. హెర్-2 అనేది మొదటిది. సుమారు 15 నుంచి 20 శాతం గడ్డల్లో అది ఎక్కువగా ఉంటుంది, వాళ్లకు ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ పనిచేస్తుంది. 1998లో అమెరికాలో వచ్చింది. 2014లో మన దేశంలో తయారైన దాని బయోసిమిలర్ మార్కెట్‌లోకి వచ్చాక ధరలు దిగడం మొదలైంది. ఈ పరీక్షకు సీక్వెన్సింగ్ యంత్రం అక్కర్లేదు. ముందు ముక్కకు రంగు వేసి చూస్తారు, అది చవక. అనుమానంగా వచ్చినవాటికే రెండో, ఖరీదైన పరీక్ష. ముందు పెద్ద జల్లెడ, తర్వాత చిన్న జల్లెడ. ఈ పద్ధతి నాకెంతో నచ్చింది.

రెండోది 21 జన్యువులు చూసి స్కోరు ఇచ్చే పరీక్ష. ఇది మందు ఇవ్వడానికి కాదు, మానడానికి. 2018లో వచ్చిన టైలర్‌ఎక్స్ అధ్యయనంలో 10,273 మంది మహిళలు. హార్మోన్లకు స్పందించే, చంకలోని గ్రంథులకు పాకని తొలిదశ రొమ్ము క్యాన్సర్‌లో స్కోరు 11 నుంచి 25 మధ్య వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కీమో వల్ల అదనపు లాభం లేదని తేలింది. యాభై ఏళ్ల లోపు వాళ్లలో కొందరికి మాత్రం కొంత ఉంది. అమెరికాలో ఈ పరీక్ష సుమారు నాలుగు వేల డాలర్లు. అక్కడ కీమో బిల్లు దానికి ఎన్నో రెట్లు కాబట్టి పరీక్ష తన ఖర్చు తానే రాబట్టుకుంటుంది. మన దగ్గర? ఈ పరీక్ష లక్షల్లో ఉంటుంది. కీమో ఆరోగ్యశ్రీలో ఉచితం, బయట కొన్నా జనరిక్ మందులు. అంటే తప్పించుకునే ఖర్చు కన్నా తప్పించే పరీక్షే ఖరీదు! అక్కడ లాభమైన లెక్క ఇక్కడికి వచ్చేసరికి తలకిందులైంది. అమెరికాలో ఉన్న మన అల్లుళ్లు, కూతుళ్లు ప్రేమతో "ఇక్కడ అందరూ చేయిస్తున్నారు" అని చెప్పేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. వెంట్రుకలు ఊడటం, వాంతులు, ఇన్ఫెక్షన్లు తప్పడానికి ఎంతైనా పెడతాం అనగలిగిన వాళ్లు చేయించుకుంటే తప్పేమీ లేదు. అప్పు తెచ్చి చేయించాల్సిన పరీక్ష మాత్రం ఇది కాదని నా అభిప్రాయం.

ఇక వందల జన్యువులు ఒకేసారి చదివే పెద్ద ప్యానెళ్లు. అరవై వేల ఫోన్లన్నీ వీటి గురించే. ఇవి వట్టి మోసం అనే మాట నేను ఒప్పుకోను. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్‌ఓఎస్-1 ఇలా నాలుగైదు జన్యువులు చూడాల్సి వస్తే, ఒక్కొక్కటిగా చేసేసరికి ముక్క అయిపోతుంది, వారాలు గడిచిపోతాయి, బిల్లు కూడా అంతే అవుతుంది. అప్పుడు ప్యానెలే మేలు. యూరప్ క్యాన్సర్ వైద్యుల సంఘం ఎస్మో 2020లో ముదిరిన దశలోని నాలుగు రకాల క్యాన్సర్లకు, అంటే ఊపిరితిత్తులు, ప్రోస్టేట్, అండాశయం, పిత్తనాళం, ఇలాంటి పరీక్ష మామూలుగా చేయవచ్చంది. 2024లో రొమ్ముతో పాటు కొన్ని అరుదైన క్యాన్సర్లను చేర్చింది. అంటే అన్నిటికీ అనలేదు.

గడ్డ ఏ అవయవంలో ఉన్నా సరే, జన్యువును బట్టి మందు ఇద్దాం అనే ఆలోచనను ఫ్రాన్స్‌లో షివా అనే అధ్యయనంలో పరీక్షించారు. 2015లో ఫలితం వచ్చింది. 741 మందిని చేర్చుకుంటే, సరిపోయే తప్పు దొరికి చివరికి పోల్చగలిగింది 195 మందిని. జన్యువును బట్టి మందు ఇచ్చినవాళ్లలో రోగం 2.3 నెలలు ఆగింది, మామూలు వైద్యంలో 2 నెలలు. తేడా లేనట్టే లెక్క. ఆ తర్వాత మందులు మెరుగయ్యాయి, కొన్ని రకాల తప్పులకు ఏ అవయవమైనా పనిచేసే మందులూ వచ్చాయి, కాదనను. కానీ అవి దొరికే రోగులు కొద్దిమందే.

నేను సిరిసిల్లలో మూడేళ్లు పనిచేశాను. అప్పుడు పరిచయమైన ఒక సాంచల ఆసామి, తమ్ముడికి క్లోమ గ్రంథి క్యాన్సర్ కాలేయానికి పాకిందని ఫోన్ చేశాడు. అప్పటికే ఒక ప్రైవేటు చోట పెద్ద ప్యానెల్ చేయించారు. రెండు సాంచలు అమ్మి డబ్బు కట్టారు. 38 పేజీల రిపోర్టు. రంగురంగుల బొమ్మలు. సారాంశం: కేఆర్‌ఏఎస్ జన్యువులో తప్పు ఉంది, దానికి ఇక్కడ అనుమతి పొందిన మందు లేదు, విదేశాల్లో కొన్ని ప్రయోగాలు జరుగుతున్నాయి. అందులో రెండు అమెరికాలో, ఒకటి చైనాలో. క్లోమ గ్రంథి క్యాన్సర్లలో పదింట తొమ్మిదింటికి ఈ కేఆర్‌ఏఎస్ తప్పు ఉంటుంది. అంటే ముక్క తీయకముందే ఆ జవాబును నూటికి తొంభై పాళ్లు చెప్పొచ్చు. ఆ ఆసామి నన్ను అడిగింది ఒక్కటే: "సార్, గిదాంట్ల మందు పేరు ఎక్కడ రాసున్నది?" నేను 38 పేజీలూ తిప్పాను. లేదు. నాకు కోపం వచ్చింది ల్యాబ్ మీద కాదు, వాళ్లు చదవమన్నది చదివి పంపారు. డబ్బు కట్టే ముందు ఆ ఇంటివాళ్లతో ఐదు నిమిషాలు కూర్చుని, "ఇందులో మందు దొరికే అవకాశం ఇంత" అని చెప్పేవాళ్లు లేకపోవడం మీద.

ఇక పుట్టుకతో వచ్చే తప్పులు. ఇవి లెక్కలో వేరే జాతి, ఎందుకంటే ఒక్క పరీక్ష ఖర్చు మొత్తం కుటుంబానికి పంచబడుతుంది. బ్రాకా-1, బ్రాకా-2 జన్యువులు 1994, 1995లలో దొరికాయి. బ్రాకా-1 తప్పు ఉన్న ఆడపిల్లకు జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం దాకా ఉంటుంది, అండాశయ క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది. అమెరికాలో ఒక కంపెనీ ఈ జన్యువుల మీదే పేటెంట్ పట్టుకుని, పరీక్షకు మూడు వేల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2013 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు, ప్రకృతిలో ఉన్న జన్యువుకు పేటెంట్ చెల్లదంది. అదే ఏడాది ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు తీర్పు, జూన్‌లో వాళ్లది. మందు ధరకు ఒకటి, పరీక్ష ధరకు ఒకటి.

ఇంట్లో ఒకరికి తప్పు ఎక్కడుందో దొరికితే, మిగతావాళ్లకు పుస్తకం మొత్తం చదవక్కర్లేదు. ఆ ఒక్క పేజీలో ఆ ఒక్క అక్షరం చూస్తే చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది. పిల్లల్లో ఒక్కొక్కరికి వచ్చే అవకాశం సగం సగం, కొడుకులకు కూడా. మనవాళ్లు "మా అమ్మవైపు ఎవరికీ లేదు" అని ధీమాగా ఉంటారు. నాన్న వైపు మేనత్తలకు ఉంటే నాన్న ద్వారా కూడా వస్తుంది. చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, లేదా ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్ ఇంట్లో ఉంటే డాక్టరును ఈ పరీక్ష గురించి అడగండి. ఇందాక చెప్పిన క్లోమ గ్రంథి రోగికి కూడా 38 పేజీల కన్నా ఈ పరీక్షే ఎక్కువ ఉపయోగం. బ్రాకా తప్పు ఉంటే ఆ రోగంలో వాడే మందు ఉంది, తోబుట్టువులకూ సంగతి తెలుస్తుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. "అర్థం తేలని మార్పు" అని రిపోర్టుల్లో వస్తుంటుంది. భయపడకండి. ప్రపంచంలో ఇప్పటిదాకా చదివిన పుస్తకాల్లో ఎక్కువ భాగం యూరప్ మూలాల వాళ్లవి. మన దగ్గర మామూలుగా ఉండే తేడా కూడా అక్కడి జాబితాలో లేకపోతే అనుమానంగా రాస్తారు. జీనోమ్ ఇండియా పేరుతో మన దేశంలో పదివేల మంది జన్యు పుస్తకాలు చదివి 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు. మన హైదరాబాద్ సీసీఎంబీ కూడా ఆ పనిలో ఉంది. దీనివల్ల మనవాళ్ల రిపోర్టుల్లో అలాంటి అనుమానాలు క్రమంగా తగ్గాలి. పరీక్ష ధర తగ్గకుండానే దాని విలువ పెంచే పని ఇది.

ఇంకో మాట, ఇది ఇక్కడి ఆడబిడ్డలకు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణం చాలావరకు వైరస్. దానికి టీకా ఉంది, మన దేశంలో తయారైన టీకా 2023లో మార్కెట్‌లోకి వచ్చింది, ప్రైవేటులో డోసు రెండు వేల ప్రాంతంలో. అరవై వేల పరీక్షకు ముప్పై మంది ఆడపిల్లలకు ఒక్కో డోసు వస్తుంది. ఒక్క డోసు కూడా రక్షణ ఇస్తుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పారు. ఇక నోటి క్యాన్సర్‌కు అద్దం, టార్చిలైటు చాలు. మూడు వారాలకు మించి మానని పుండు ఉంటే చూపించుకోండి. బీడీలు, తంబాకు, గుట్కా మన పల్లెల్లో ఎంత ఉన్నాయో మీకు చెప్పక్కర్లేదు. సంఘం తరఫున ఏదైనా చేద్దామంటే నేను జన్యు పరీక్షల నిధికి కాకుండా వీటికే ఓటు వేస్తాను. కార్యదర్శి గారు రాసుకోవాలె.

డబ్బు సంగతి. 2023 డిసెంబర్ నుంచి మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలు. ఎవరైనా పరీక్షకు విడిగా డబ్బు కట్టమంటే, కట్టే ముందు ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. తర్వాత డాక్టరు గారి దగ్గర వినయంగా కూర్చుని అడగండి: "సార్, ఈ ఫలితం ఏదొస్తే మీరు మందు మారుస్తరు? ఆ మందు ఇక్కడ దొరుకుతదా, నెలకెంత, ఎన్ని నెలలు? రిపోర్టు వచ్చేదాక ఆగొచ్చా, లేక ఈలోపు కీమో మొదలుపెట్టాల్నా?" మంచి డాక్టర్లు ఈ ప్రశ్నలకు కోప్పడరు. నేను తోడు వెళ్లిన చోట చాలామంది, అడిగినందుకు సంతోషించారు కూడా. ఇద్దరు మాత్రం, "అయితే ఇప్పుడే వద్దులెండి" అన్నారు. ఆ రెండు ఇళ్లకు చెరో అరవై వేలు మిగిలాయి.

చివరగా, చాలామందికి తెలియని చిన్న సంగతి. ముక్క తీసినప్పుడు ఆ ముక్కను మైనంలో పోసి చిన్న దిమ్మలా చేసి ల్యాబ్‌లో దాస్తారు. దాన్ని బ్లాకు అంటారు. జన్యు పరీక్షలు చాలావరకు ఆ బ్లాకు మీదే చేస్తారు. జగిత్యాలలో, సిరిసిల్లలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి, కరీంనగర్‌లో ఉన్నాయి. ముక్క ఎక్కడ తీసినా ఆ బ్లాకు అడిగితే ఇస్తారు. అది చేతిలో ఉంటే హైదరాబాద్‌లో మళ్లీ సూది గుచ్చి ముక్క తీయాల్సిన అవసరం చాలాసార్లు తప్పుతుంది, ఆ ఖర్చూ, ఆ నొప్పీ తప్పుతాయి. రిపోర్టు కాగితం జిరాక్సు తెస్తారు గానీ బ్లాకు సంగతి ఎవరికీ గుర్తుండదు. తెచ్చేటప్పుడు మన మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం మెత్తబడుతుంది. చిన్న డబ్బాలో దూది పెట్టి తీసుకురండి. బ్లాకు మీది నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని అక్కడే, కౌంటర్ దగ్గరే సరిచూసుకోండి.